చేపల పురుడు

తోటపల్లి గూడూరు చుట్టుపక్కల పల్లెల్లో రెబెక్కమ్మ హస్తవాసి గురించి చెప్పుకోని ఆడది లేదు. కత్తెరా, సబ్బూ, వేడినీళ్ళూ ఎవరైనా తెచ్చుకోవచ్చు, ఆ చెయ్యి మాత్రం దేవుడిచ్చింది అనేవాళ్ళు. ఆ మాట చెవిన పడితే రెబెక్కమ్మ కస్సుమనేది. తను నెల్లూరు మిషన్ ఆసుపత్రిలో నేర్చిన విద్యంతా చేతులు మోచేతులదాకా రుద్ది కడుక్కోవడంలోనే ఉందని, వాసీ గీసీ ఏమీ లేదని, నమ్మకపోతే వచ్చి సబ్బుబిళ్ళ ఎంత అరిగిందో చూసుకోమని అనేది. అనేదే గానీ, పొగడ్త చేదుగా ఉండేవాళ్ళు లోకంలో ఎవరున్నారు? లోపల్లోపల ఆమెకు ఆ మాటంటే ఇష్టమే.

ఆమె పనిచేసే పురుళ్ళ ఆసుపత్రి అంటే రెండు గదులూ, ముందొక పెంకుల వసారా. అక్కడ ఆమె మాటే శాసనం. పెళ్ళి చేసుకోలేదు, ఆసుపత్రినే కట్టుకుందని ఊళ్ళో నవ్వుకునేవాళ్ళు. ఆ శాసనాల్లో మొదటిది, మగవాడు లోపలి గడప తొక్కకూడదు. నొప్పులు మొదలయ్యాయంటే మొగుడనేవాణ్ణి వాకిలి అవతలికి తరిమి, తలుపేసి, అప్పుడు గానీ పనిలోకి దిగేది కాదు. దీనికి ఊళ్ళో ఆడవాళ్ళందరి ఆమోదమూ ఉంది. పురిటిగదిలో మగాడికేం పని?

అలాంటి రెబెక్కమ్మ హస్తవాసి, చూపుడువేలంత పొడవు కూడా లేని ఒక చేప మూలాన నడివీధిలో పడింది. అరవై ఒకటిలో జరిగిందీ సంగతి.

ఆ చేపల్ని తెచ్చినవాడు ఆమె అన్న కొడుకు హెబ్రోను. మద్రాసులో రైల్వే ఉద్యోగం. ఉద్యోగం చిన్నదీ, సరదాలు పెద్దవీ. మూర్ మార్కెట్లో రంగురంగుల చేపలమ్మే కొట్లు చూసి మనసు పారేసుకున్నాడు. తగరపు చట్రంలో గాజుపలకలు బిగించిన తొట్టిని ఒళ్ళో పెట్టుకుని, చేపలున్న సీసాను చేత్తో పట్టుకుని నెల్లూరు దాకా రైల్లోనూ, అక్కణ్ణుంచి బస్సులోనూ వచ్చాడు. బస్సులో ప్రతివాడూ సీసాలోకి తొంగిచూసి, ఇవి ఏ కూరకు సరిపోతాయని అడిగినవాడే. తొట్టిని ఆసుపత్రి వసారాలో బల్లమీద పెట్టి, అడుగున ఇసక పోసి, కాలవలో నాచు తెచ్చి వేసి, చేపల్ని వదిలి, మర్నాడే వెళ్ళిపోయాడు.

ఉన్నవి రెండే చేపలు. మగది పట్టుపంచె కట్టిన పెళ్ళికొడుకే. ఒంటినిండా ఏటవాలుగా ఎర్రచారా నీలంచారా, ఎర్రచారా నీలంచారా. ఆడది పాపం వెలిసిపోయిన వెండిరంగు. సింగారమంతా మగాడికేనా, ఇదెక్కడి చోద్యం అని ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు. కడుపు చూపించుకోవడానికి వచ్చినవాళ్ళు వసారాలో కూర్చుని గంటలకొద్దీ వాటినే చూసేవాళ్ళు. రెబెక్కమ్మ ముందు విసుక్కుంది. ఇది ఆసుపత్రా, తిరనాళ్ళా అంది. తర్వాత ఒకనాడు ఆమె దగ్గరికి పోగానే ఆ పెళ్ళికొడుకు గాజుకు మూతి ఆనించి, ఎప్పట్నించో ఎరిగున్నవాడిలా ఆమె ముఖంలోకి చూశాడు. అంతే, మనిషి కాస్తా దాసోహం.

ఇక వాటి తిండి సంగతి చెప్పాలి. అవి దోమపిల్లల్ని లొట్టలేసుకుంటూ తింటాయని హెబ్రోను చెప్పిపోయాడు. ఇంటింటికీ తిరిగి తొట్లలో నీళ్ళు నిలవుంచకండి, దోమలు పెరుగుతాయి అని ఊరందరినీ తిట్టిపోసేది ఎవరు? రెబెక్కమ్మే. ఇప్పుడు గిన్నె పట్టుకుని, మీ కుండలో పురుగులున్నాయా తల్లీ అని వాకిలి వాకిలీ అడుక్కునేదీ రెబెక్కమ్మే. ఊరు కడుపుబ్బ నవ్వుకుంది. ఆమె ఏమాత్రం సిగ్గుపడలేదు.

రోజూ పొద్దున్నే తొట్టిలో ఒక మూల, నాచు పక్కన, నీళ్ళమీద నురగ తేలి ఉండేది. శుభ్రమంటే ప్రాణం పెట్టే మనిషి ఊరుకుంటుందా? చెంచాతో తీసి పారబోసేది. మర్నాడు మళ్ళీ నురగ. మళ్ళీ పారబోత. ఇలా ఉండగా ఒకరోజు తెల్లవారుతూనే ఊళ్ళో ఒకరింటికి వాకాడు వైపునుంచి వచ్చిన చుట్టాలపిల్లకు నొప్పులని కబురొచ్చి, నురగ సంగతి మరిచి పరుగెత్తింది. మధ్యాహ్నం తిరిగొచ్చి తొట్టిలోకి చూసి, చేతిసంచి జారిపోతున్నా తెలియకుండా నిలబడిపోయింది.

నురగ పిడికెడంత పెరిగి ఉంది. దాంట్లో నాచుముక్కలు కలిపి అల్లి ఉన్నాయి. దాని కింద పెళ్ళికొడుకు విల్లులా వంగి ఆడచేపను చుట్టుకున్నాడు. రెండూ ఒక్క క్షణం వణికి విడిపోయాయి. వాటి మధ్యనుంచి గసగసాలకన్నా సన్నటివి ఏవో పైకి తేలి, నురగలో చేరిపోయాయి. మళ్ళీ చుట్టుకోవడం, మళ్ళీ గసగసాలు. అది మురికి కాదు, గూడు! ఇన్నాళ్ళూ తన చేత్తో తను పారబోసింది గూళ్ళని తెలిసేసరికి రెబెక్కమ్మకు గుండె గతుక్కుమంది. మరుక్షణం సంతోషం పట్టలేక వీధిలోకి వచ్చి కేకేసింది. జ్వరం చూపించుకోవడానికి వచ్చినవాళ్ళు జ్వరం మరిచారు. పొలాలకు పోయేవాళ్ళు పారలు గోడకు ఆనించి వచ్చారు. ఎన్ని పిల్లలవుతాయి, ఎవరికెన్ని ఇస్తావు అని అప్పుడే పంపకాలు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అని ఊరికే అన్నారా?

గుడ్లు పెట్టడం అయ్యీ కాగానే ఆ మగచేపకు ఏమైందోగాని, ఆడదాని మీద పడి తరమడం మొదలెట్టింది. తోక కొరికింది. మూలకు నెట్టింది. చూస్తున్న ఆడవాళ్ళందరికీ ఒళ్ళు మండింది. బాలింతను కొడుతున్నాడు చూడండమ్మా చచ్చినోడు అన్నారు. రెబెక్కమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. దోమతెర గుడ్డతో కుట్టిన చిన్న వల తీసి, వాణ్ణి ఎత్తి, దూది పెట్టుకునే గాజుసీసాలో నీళ్ళు పోసి అందులో పడేసింది. ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పనేగా? తల్లిని గుడ్ల దగ్గర ప్రశాంతంగా ఉండమని చెప్పి, తొట్టిమీద పల్చటి గుడ్డ కప్పి, తృప్తిగా చేతులు కడుక్కుంది.

మర్నాటి పొద్దున వెంకటశేషమ్మ తన కోడలు కామాక్షమ్మను వెంటబెట్టుకుని ఆసుపత్రికి వచ్చింది. ఇద్దరి సంగతీ ఇక్కడ చెప్పుకోవాలి. వెంకటశేషమ్మ పొలం పుట్ర ఉన్న ఇంటి పెద్దది, మాటా మనిషీ రెండూ గట్టి. కామాక్షమ్మకు తొలి కాన్పు ఇంట్లోనే మంత్రసాని పిచ్చమ్మ చేసింది. పిచ్చమ్మ బొడ్డు కోసేది గడ్డికోసే కొడవలితో. ఆ బిడ్డ దవడలు బిగుసుకుపోయి వారం తిరక్కుండానే పోయాడు. ఈసారి కాన్పు ఆసుపత్రిలో చేయించమని రెబెక్కమ్మ ఆ ఇంటిచుట్టూ చెప్పులరిగేలా తిరిగి, బతిమాలి, బెదిరించి అత్తను ఒప్పించింది. కామాక్షమ్మకు నెలలు నిండుతున్నాయి.

రెబెక్కమ్మ గర్వంగా గుడ్డ తీసి చూపించింది. నురగ చప్పబడి చెదిరిపోయి ఉంది. గుడ్లు లేవు. మిగిలిన ఒకటీ అరా గుడ్డును, అందరి కళ్ళముందూ, ఆ తల్లిచేప నోరు తెరిచి చప్పరించి మింగేసింది.

కామాక్షమ్మ ముఖం తిప్పుకుంది. వెంకటశేషమ్మ ముఖం మాత్రం తిప్పుకోలేదు.

"నర్సమ్మా, నీ చేతిమీద పురుడు చెడింది. నువ్వేమన్నా అనుకో. నా కోడల్ని నీకాడ పెట్టను."

చేపకూ మనిషికీ ముడేమిటని రెబెక్కమ్మ వాదించింది. కొడవలి సంగతి గుర్తుచేసింది. పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంటోంది చూడమంది. ఎన్ని చెప్పినా దున్నపోతు మీద వాన కురిసినట్టే అయింది. కుండమూతి మూయగలం గానీ లోకం మూతి మూయలేం కదా, సాయంత్రానికల్లా మాట ఊరంతా పాకింది. నర్సమ్మ హస్తవాసి పోయిందట, చేపలకే దిక్కులేదట. ఆ వారం కడుపు చూపించుకోవలసినవాళ్ళలో సగం మంది రాలేదు. చివరకు వెంకటశేషమ్మ ఒక్క మెట్టు దిగింది, అదీ కోడలి ఏడుపు చూడలేక. ముందా చేపలకు మళ్ళీ పురుడు పోసి, పిల్లల్ని బతికించి చూపించమంది. అప్పుడు తనే కోడల్ని చెయ్యిపట్టుకుని తీసుకొస్తానంది. లేదంటే పిచ్చమ్మే.

వాసీ గీసీ లేదన్న మనిషికి ఆ రోజు అన్నం సయించలేదు. పరువు పోయిందని కాదు, అదీ కొంత ఉందనుకోండి. పిచ్చమ్మ కొడవలి కళ్ళముందు ఆడుతోంది. ఒక ఆడపిల్ల బిడ్డ బతుకు తీసుకెళ్ళి ఒక చేప నోట్లో పెట్టారే అని తనలో తను తిట్టుకుంది.

దూదిసీసాలో పడేసిన మగచేపను ఆమె అప్పటిదాకా పట్టించుకోనే లేదు. దోమపిల్లలు వేద్దామని మూత తీస్తే, సీసాలో నీళ్ళమీద నురగ! తెల్లగా, గుండ్రంగా, పొందిగ్గా. నాచు లేకపోతే ఊరుకున్నాడా, అడుగున మిగిలిపోయిన దూదిపోగు తెచ్చి అల్లుకున్నాడు. పెళ్ళాం లేదు, గుడ్లు లేవు. అయినా పైకి పోవడం, గుక్కెడు గాలి మింగి రావడం, బుడగ వదలడం. వేసిన తిండి వైపు కూడా చూడలేదు. రెబెక్కమ్మ బల్లమీద కూలబడింది. గూడు కట్టింది వాడు. నాచు అల్లింది వాడు. పెళ్ళాన్ని తరిమింది కొట్టడానికి కాదు, గుడ్ల దగ్గర్నించి. అంటే ఆ ఇంట మంత్రసాని వాడే. తను బయటికి గెంటింది మంత్రసానినీ, లోపల పెట్టి తలుపేసింది తినేదాన్నీ!

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. తర్వాత ఎక్కళ్ళేని హుషారూ వచ్చింది.

వాణ్ణి మళ్ళీ తొట్టిలో వదిలింది. ఆడచేపను సీసాలోకి మార్చి మేపసాగింది, కడుపు నిండితే గదా గుడ్లు. అందుకు బోలెడు దోమపిల్లలు కావాలి, ఊళ్ళోవాళ్ళు ఇప్పుడు ముఖం చాటేస్తున్నారు. అప్పుడు వచ్చాడు జయరామయ్య, కామాక్షమ్మ మొగుడు. తల్లికి తెలియకుండా, బర్రెల తొట్టి వెనక నిలిచిన నీళ్ళను చెంబుతో తోడుకుని, దాన్ని తువ్వాలులో చుట్టుకుని వచ్చాడు. రోజూ వస్తూనే ఉన్నాడు. పెద్దగా మాట్లాడేవాడు కాదు. వసారా మెట్టుమీద కూర్చుని తొట్టికేసి చూసి వెళ్ళిపోయేవాడు. రెబెక్కమ్మ తను కనిపెట్టిన సంగతి, మగచేపే పిల్లల్ని సాకుతుందని, అతనికే మొదట చెప్పింది.

"మా వాడి ముఖం నేను చూడలేదక్కా," అన్నాడు. "పురుడు కడిగేదాకా తండ్రి చూడకూడదంట మా ఇంట్లో. కడిగే రోజు రానేలేదు. బయటినుంచి ఏడుపొక్కటి ఇన్నా."

రెబెక్కమ్మ చెంబు కడిగి అతని చేతికిచ్చింది.

ఆడచేప కడుపు గుండ్రమైంది. దాన్ని తొట్టిలోకి వదిలిన మర్నాడే మళ్ళీ గూడు కింద చుట్టుకోవడాలూ, గసగసాలూ. ఈసారి రెబెక్కమ్మ కేకలేయలేదు. వల పట్టుకుని ఊపిరి బిగపట్టి కూర్చుంది. పని అయ్యి, వాడు పెళ్ళాన్ని తరమడం మొదలెట్టగానే ఆ తల్లిని ఎత్తి సీసాలో వేసింది. తండ్రిని ఉండనిచ్చింది. ఎంత దాచినా ఊరికి తెలియకుండా ఉంటుందా? బాలింతను గెంటేసి మగాణ్ణి పురిటిగదిలో పెట్టిందట, నర్సమ్మకు మతి చలించింది అన్నారు. అని ఊరుకోలేదు, చూడ్డానికి తయారయ్యారు. వాళ్ళ ముందుండి నడిచి వచ్చింది వెంకటశేషమ్మ.

ఆమె వచ్చేసరికి గుడ్లు పగిలాయి. నురగ కింద కనురెప్ప వెంట్రుక ముక్కల్లా సన్నగా, తోకలు కిందికి వేలాడేసుకుని, లెక్కకందనన్ని పిల్లలు. అన్నిటికీ రెండేసి నల్లచుక్కల కళ్ళు! రెబెక్కమ్మ ఒళ్ళు పులకరించింది. చూడండి చూడండి అని వెంకటశేషమ్మ భుజం పట్టుకుని గాజు దగ్గరికి లాగింది.

సరిగ్గా అప్పుడే పిల్లొకటి నురగలోంచి ఊడి కిందికి జారింది. దాని వెనకే ఇంకోటి, మరోటి. పెళ్ళికొడుకు రివ్వున వచ్చి, నోరు తెరిచి, జారిన పిల్లను గుటుక్కున నోట్లో వేసుకున్నాడు. రెండోదాన్నీ వేసుకున్నాడు. మూడోదాన్ని కూడా.

వసారా అంతా గొల్లుమంది. "తింటన్నాడు నర్సమ్మా, తీసెయ్యి వాణ్ణి," అని వెంకటశేషమ్మ అరిచింది.

రెబెక్కమ్మ చెయ్యి వలమీదికి పోయింది. వల నీళ్ళలోకి దిగింది కూడా. ఇరవై ఏళ్ళ అలవాటు చేతిని ముందుకు తోస్తోంది, దూదిసీసాలో చూసిన నురగ వెనక్కి లాగుతోంది. తీస్తే పిల్లలు అడుక్కు పోయి చస్తాయా? తీయకపోతే వీడి కడుపులోకి పోతాయా? అత్త వెంట వచ్చిన కామాక్షమ్మ ఆ వెనకే నిలబడి, కడుపుమీద చెయ్యేసుకుని, చేపను కాదు, రెబెక్కమ్మనే చూస్తోంది. రెబెక్కమ్మ వల కదపలేదు. దేవా, నువ్వే దిక్కు అనుకుంది.

ఆ చేప తాపీగా పైకి పోయింది. నురగ కింద ఆగింది. బుగ్గలు పొంగించి ఉఫ్ మని ఊదింది. ఒకటి, రెండు, మూడు. మింగాడనుకున్న పిల్లలన్నీ వాడి నోట్లోంచి బయటికొచ్చి, బుడగల మధ్య తమ తమ చోట్లలో వేలాడాయి. వాడు అప్పుడే ఇంకో పిల్ల జారుతుంటే దానికోసం కిందికి దూకాడు.

వసారాలో ఒక్కసారిగా అందరూ అందుకున్నారు. అదుగో జారింది, అదుగో పట్టాడు, ఆ మూల, ఆ మూలరా అబ్బయా అని పెద్దాచిన్నా తేడా లేకుండా ఆ చేపకు దారులు చెప్పడం మొదలెట్టారు. కోడిపందేల దగ్గర కూడా అంత గోల ఉండదు. వాడు క్షణం ఆగలేదు. జారినదాన్ని జారినట్టు పట్టుకొచ్చి గూట్లో ఊదుతూనే ఉన్నాడు. వెంకటశేషమ్మ బల్ల దగ్గరికి పీట జరుపుకుని కూర్చుంది. ఇంటి దగ్గర బర్రెలు పాలకు అరుస్తున్నాయని పిలుపొచ్చినా లేవలేదు. ఎప్పుడో పొద్దువాలాక లేస్తూ, ఎవరితోనూ కానట్టు, తిండీ నీళ్ళూ లేకుండా ఎంత చాకిరీ చేస్తన్నాడమ్మా అంది.

తర్వాతి రోజుల్లో పిల్లలు సొంతంగా ఈదడం నేర్చాయి. తండ్రి పట్టుకొస్తే మళ్ళీ పారిపోయేంత పోకిరీలయ్యాయి. వాడి పని తీరిందని రెబెక్కమ్మ వాణ్ణి తీసి తిండి పెట్టింది. కంటికి కనపడని ఆ నోళ్ళకు ఏం పెట్టాలా అని ఆమె తల పట్టుకుంటే, వెంకటశేషమ్మే గడ్డి నానిన పచ్చనీళ్ళు ముంత నిండా పంపించింది. ఆ మురికి తన తొట్టిలోనా అని రెబెక్కమ్మ ముక్కు మూసుకుంది. మూసుకునే పోసింది. పిల్లలు ఆ నీళ్ళలో కంటికి ఆనని దేన్నో కొరుక్కు తింటూ బతికాయి.

ఆ పచ్చనీళ్ళు పోస్తుండగానే, ఒక ఉదయం, ఆసుపత్రి ముందు బండి ఆగింది. వెంకటశేషమ్మ అన్నమాట ప్రకారం కోడల్ని చెయ్యిపట్టుకుని దించింది. నొప్పులు మొదలయ్యాయి. బండి తోలుకొచ్చిన జయరామయ్య, ఎవరూ చెప్పకుండానే ఎద్దుల్ని విప్పి వాకిలి అవతలికి పోయి నిలబడ్డాడు. రెబెక్కమ్మ అతన్ని చూసింది. వసారాలోకి వచ్చి తలుపు పక్కనే కూర్చోమంది. వెంకటశేషమ్మ కనుబొమలు ముడిచింది గానీ, నొప్పుల గోలలో మాట్లాడే తీరిక దొరకలేదు.

కాన్పు కష్టమే అయింది. ఎండ పెంకులమీదికి ఎక్కేదాకా కామాక్షమ్మ పళ్ళబిగువున పోరాడింది. రెబెక్కమ్మ తిట్టింది, బుజ్జగించింది, పాటలు పాడింది. చివరకు బిడ్డ పడ్డాడు, మగపిల్లవాడు. పడగానే ఏడ్చాడు, అదీ ఊరు అదిరేలా. ఉడికించిన కత్తెరతో బొడ్డు కోస్తుంటే రెబెక్కమ్మకు కళ్ళు మసకలయ్యాయి. అమ్మాయ్, నీ కొడుక్కి గొంతుంది అంది. కామాక్షమ్మ నవ్వింది.

బిడ్డను తుడిచి, మెత్తటి పాతచీర ముక్కలో చుట్టి, తలుపు తీసింది. రివాజు ప్రకారం వెంకటశేషమ్మ గడప దగ్గర రెండు చేతులూ చాపి నిలబడి ఉంది. వెనక జయరామయ్య గోడవైపు తిరిగి, తల వంచుకుని ఉన్నాడు. చూడకూడదు కదా. బిడ్డ ఏడుపుకు అతని వీపు కదులుతోంది.

రెబెక్కమ్మ వెంకటశేషమ్మ చేతుల్ని దాటుకుని పోయింది. ఇటు తిరుగు అంది. అతను తిరగలేదు. భుజం పట్టి తిప్పి, బిడ్డను అతని చేతుల్లో పెట్టేసింది. అతను బిగుసుకుపోయాడు. బిడ్డ ముఖంలోకి చూశాడు, తన తల్లికేసి చూశాడు, మళ్ళీ బిడ్డ ముఖంలోకి చూశాడు.

రెబెక్కమ్మ ఇప్పుడు పిడుగు పడుతుందని కాచుకుంది. వెంకటశేషమ్మ చాపిన చేతులు చాపినట్టే ఉన్నాయి. అట్లాగే రెండడుగులు ముందుకేసి కొడుకు పక్కకు వచ్చింది.

"తలకింద చెయ్యి పెట్టరా," అంది.